పానగల్లు మీదుగా రోముకు

చరిత్ర మీద మంచి వ్యాసం రాసినవాళ్ళకు ప్రాచీన నగరాలు చూపించుకొస్తాం అని ఎవరైనా పోటీ ప్రకటిస్తే, నల్లగొండ చుట్టుపక్కల బడిపిల్లలు కూడా బరిలోకి దిగుతారు. దిగాలి కూడా. రోమ్ చూడాలని, ఈజిప్టు చూడాలని, కనీసం హంపి అయినా చూడాలని తొమ్మిదో తరగతి అమ్మాయి ఆశపడటంలో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. తిరకాసంతా పోటీలో ఉంది. అలాంటి పోటీకి వచ్చే వ్యాసాలు ఎలా ఉంటాయో చదవకుండానే చెప్పొచ్చు: పిరమిడ్ ఎత్తు ఇంత, కొలోసియంలో ఇంతమంది కూర్చునేవారు, తాజ్‌మహల్ కట్టడానికి ఇన్నేళ్ళు పట్టింది. పుస్తకంలోంచో ఫోన్‌లోంచో దించిన అంకెలు, వాటి చుట్టూ నాలుగు పొగడ్తలు. చూడనిదాని గురించి అందంగా రాసిన పిల్లకు చూసే అవకాశం ఇస్తున్నాం. చూడటం వచ్చా రాదా అని మాత్రం ఒక్కసారి కూడా అడగడం లేదు. చూడటం కూడా నేర్చుకోవాల్సిన పనే అని, దాన్ని ముందు ఇంటి దగ్గర నేర్చుకున్నవాళ్ళకే దూరప్రయాణం అక్కరకొస్తుందని ఈ వ్యాసం వాదన. ఆ ఇంటి దగ్గరి చోటుకి ఉదాహరణ వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కర్లేదు. నల్లగొండ నుంచి మూడు నాలుగు కిలోమీటర్లలో పానగల్లు ఉంది. (వనపర్తి వైపు కోట ఉన్న పానగల్లు వేరు. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా రెండేళ్ళు ముట్టడించి 1420లో దేవరాయల చేతిలో దెబ్బతిన్నది అక్కడ. ఒకే పేరున్న ఈ రెండు ఊళ్ళనీ కలిపేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.)

నల్లగొండ పక్కనున్న పానగల్లు పదకొండు, పన్నెండో శతాబ్దాల్లో కందూరు చోడుల రాజధానుల్లో ఒకటి. వాళ్ళ ఇంటిపేరులోని కందూరు పాలమూరు వైపుది. కల్యాణి చాళుక్యుల కింద సామంతులుగా ఇటు నల్లగొండ, అటు మహబూబ్‌నగర్ ప్రాంతాలను ఏలారు. వాళ్ళ కాలం నుంచి ఊళ్ళో మూడు గట్టివి మిగిలాయి: పచ్చల సోమేశ్వరాలయం, పొలాల మధ్య ఛాయా సోమేశ్వరాలయం, ఉదయ చోడుడి పేరు మోస్తున్న ఉదయసముద్రం చెరువు. పచ్చల గుడి గోడల మీద రామాయణ, భారత కథల శిల్పాలున్నాయి. గుడి ఆవరణ పక్కనే పురావస్తు శాఖ మ్యూజియం, అందులో జిల్లాలో దొరికిన విగ్రహాలు, శాసనాలు. పచ్చల అనే పేరెందుకొచ్చిందని ఊళ్ళో అడిగితే లింగంలో పచ్చ ఉండేదని, దాని వెలుగు గుడంతా పరుచుకునేదని చెబుతారు. ఆకుపచ్చ ఛాయ ఉన్న రాయి వల్లనే ఆ పేరని ఇంకొకరంటారు. పిల్లలకు ఇంతకంటే మంచి మొదటి పాఠం ఎక్కడ దొరుకుతుంది? ఒకే పేరుకి రెండు కథలున్నాయి. ఒకటి విని ఆనందించాల్సింది, ఇంకొకటి రాతి దగ్గరికెళ్ళి సరిచూడాల్సింది. ఆ రెంటికీ తేడా పట్టుకున్న పిల్ల చరిత్ర చదవడం మొదలుపెట్టినట్టే.

ఛాయా సోమేశ్వరంలో పాఠం ఇంకా లోతుకి పోతుంది. ఇది త్రికూటాలయం, అంటే ఒకే మండపానికి మూడు వైపులా మూడు గర్భగుళ్ళు. తూర్పు ముఖంగా ఉన్న గర్భగుడిలో లింగం వెనక గోడ మీద నిలువుగా ఒక స్తంభం నీడ పడుతుంది. ఎండ ఎటు తిరిగినా ఆ నీడ పక్కకు జరగదు. మహిమ అని దండం పెట్టుకుని వచ్చేవాళ్ళున్నారు, మూఢనమ్మకం అని తీసిపారేసేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ నీడను సరిగ్గా చూడలేదనే చెప్పాలి. సూర్యాపేట వైపు భౌతికశాస్త్ర అధ్యాపకుడు ఒకరు గుడి నమూనా కట్టి, వెలుతురు పెట్టి, ఈ నీడ గుట్టు విప్పి చూపించారు. సూర్యకిరణం నేరుగా లోపలికి పోయే దారి అక్కడ లేదు. లోపలికి చేరేది చుట్టూ పరుచుకున్న ఆకాశపు వెలుతురు, రాళ్ళ మీద పడి చెదిరిన వెలుతురు. స్తంభాల వరసలోంచి అది రెండు పక్కలా దూరి గోడను తాకుతుంది, నడుమ మిగిలిన చీకటి పట్టీ మనకు నీడగా కనిపిస్తుంది. సూర్యుడు జరిగితే ఆ వెలుతురు బలం మారుతుంది గానీ అది వచ్చే దారి మారదు. స్తంభాలను ఎక్కడ నిలబెట్టాలో తెలిసిన స్థపతి ఎనిమిది వందల ఏళ్ళకు పైగా మనల్ని బోల్తా కొట్టిస్తున్నాడు. గోడ మీది నీడను చూసి 'ఏ స్తంభానిది?' అని ఎవరో ఒకరు అడగబట్టే ఇదంతా తెలిసింది. దేశాలు తిరిగి వచ్చినవాళ్ళు కూడా చాలామంది ఆ ప్రశ్న అడగరు.

ప్రాచీన కళ చూడటానికి పంపే బహుమతి ప్రయాణానికి లోకంలో అతి పేరున్న ఉదాహరణ ఫ్రాన్సుది. పద్నాలుగో లూయీ కాలంలో, 1663లో, చిత్రకారులకు, శిల్పులకు 'ప్రి ద రోమ్' అనే బహుమతి పెట్టారు. గెలిచినవాళ్ళు ప్రభుత్వ ఖర్చుతో రోములో కొన్నేళ్ళు ఉండి పాత కట్టడాలనూ విగ్రహాలనూ చూసి నేర్చుకోవాలి. తర్వాతి కాలంలో వాస్తుశిల్పులకూ సంగీతకారులకూ అది అందింది. పోటీ పద్ధతిలో మన వ్యాసరచన పోటీల తిరకాసే కనిపిస్తుంది: అభ్యర్థిని గదిలో కూర్చోబెట్టి, పురాణాల్లోంచో ప్రాచీన చరిత్రలోంచో ఒక ఘట్టం ఇచ్చి, ఊహించి గీయమనేవారు. ఫలితం కూడా అలాగే వచ్చింది. చిత్రకారుడు జాక్ లూయీ దావీద్ వరసగా ఓడి ఓడి 1774లో గెలిచాడు. సంగీతంలో మోరిస్ రావెల్ అయిదుసార్లు ప్రయత్నించి మొదటి బహుమతి ఒక్కసారి కూడా గెలవలేకపోయాడు. 1905లో ఆయన్ను పక్కన పెట్టడం మీద పారిస్‌లో పెద్ద రచ్చే అయింది. చివరికి 1968 విద్యార్థి ఉద్యమాల తర్వాత ఆ పోటీనే ఎత్తేశారు. అయినా ఆ ఏర్పాటులో ఒక సుగుణం ఉంది, దాన్ని మనం అరువు తెచ్చుకోవచ్చు. గెలిచినవాడు రోములో ఊరికే తిరిగొస్తే కుదిరేది కాదు. చేసిన పనిని పారిస్‌కు పంపుతుండాలి. వాస్తు విద్యార్థి అయితే ఒక శిథిలాన్ని ఎంచుకుని, కొలిచి, ఇప్పుడు ఎలా ఉందో ఒక పటం, ఒకప్పుడు ఎలా ఉండి ఉంటుందో ఇంకో పటం గీయాలి. ఒక పటం కళ్ళు చెప్పినది, మరొకటి బుర్ర చెప్పినది. రెంటినీ కలపకుండా వేరుగా గీయడంలోనే చదువంతా ఉంది. పచ్చల సోమేశ్వరం దగ్గర ఒక టేపు, గళ్ళ కాగితం, పెన్సిలు చాలు ఇదే పని చేయడానికి.

మన దగ్గర పోటీ లేకుండానే పిల్లల్ని తీసుకెళ్ళిన గురువు ఒకాయన ఉన్నాడు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తన శిష్యులను అజంతా దాకా తీసుకెళ్ళి చూపించాడు. ఆ శిష్యుల్లో దామెర్ల రామారావు చిత్రకారుడయ్యాడు. 1925లో ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండకముందే పోయినా ఆంధ్ర చిత్రకళకు ఒక దారి వేసి పోయాడు. అడివి బాపిరాజు చిత్రకారుడూ నవలాకారుడూ అయి, తర్వాత 'గోన గన్నారెడ్డి' రాశాడు. ఆ నవల నాయకుడి వర్ధమానపురం పాలమూరు నేల మీదిదే. అజంతా చూడబట్టే ఆ నవల పుట్టిందని బల్లగుద్ది చెప్పలేం గానీ, ఆయనది రాళ్ళను చూడటం అలవాటైన కన్ను అనడంలో అతిశయోక్తి లేదు. కూల్డ్రే తెలివి ఎక్కడుందంటే, ముందు వాళ్ళ చేత తమ గోదావరి ఒడ్డునే గీయించాడు, అజంతా తర్వాత వచ్చింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని కొట్టిపారేయలేం. పానగల్లు గుళ్ళు ఎంత గొప్పవైనా రోము కాదు, హంపి కాదు. ఊరి గుడి చూసి తృప్తిపడమని పిల్లలకు చెప్పడం అంటే వాళ్ళ రెక్కలు కత్తిరించడమే కదా? అవును, ఊరి గుడితో సరిపెట్టుకోమంటే అంతే అవుతుంది. నేననేది దూరం మానుకోమని కాదు. దగ్గరిది చూసినవాడికే దూరంలో ఉన్నది ఏం చెబుతోందో అర్థమవుతుంది. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం తీసుకోండి. కాకతి రుద్రదేవుడు 1163లో వేయించిన ఆ శాసనం, చోడోదయుడు అంటే మన ఉదయ చోడుడు రుద్రుడి భయంతోనే ప్రాణం విడిచాడని గొప్పగా చెప్పుకుంటుంది. వర్ధమాన నగరాన్ని కాల్చిన ఘనతా అందులోనే ఉంది. హనుమకొండ మాత్రమే చూసిన పిల్లకు ఉదయుడు భయపడి చచ్చిన ఒక పిరికి రాజు. పానగల్లు మాత్రమే చూసిన పిల్లకు అతను చెరువు తవ్వించిన మహారాజు. రెండూ చూసిన పిల్లకు ఒక అనుమానం పుడుతుంది: గెలిచినవాడు చెక్కించిన రాయిని ఎంతవరకు నమ్మాలి? అతని పేరు మోస్తున్న ఆ చెరువు ఈనాడు ఏఎమ్మార్పీ అనే సాగునీటి ప్రాజెక్టు కాలువ నీళ్ళతో నిండి, ఫ్లోరైడ్ పీడ మోసిన నల్లగొండకు తాగునీరిస్తోంది. శాసనంలో పిరికివాడిగా మిగిలినవాడి పేరు నల్లాలో రోజూ కారుతోంది. ఈ సంగతి పట్టుకున్న పిల్ల రోముకు వెళ్తే, విజయ తోరణాల మీది చెక్కుడు బొమ్మల ముందు ఫొటో దిగి వచ్చేయదు. ఓడినవాళ్ళ మాట ఎక్కడుందని వెతుకుతుంది.

దూరప్రయాణం విషయానికొస్తే మనకంటే మన రాళ్ళే ముందున్నాయి. ఒకప్పటి నల్లగొండ జిల్లాలోదే, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలి బౌద్ధ కళ ప్రదర్శనకు వెళ్ళాయి. అమెరికాలోని పిల్లలు వరస కట్టి చూశారు. ఫణిగిరి గుట్ట పక్క ఊళ్ళ పిల్లల్లో గుట్ట ఎక్కినవాళ్ళు ఎంతమందో. ఇక నాగార్జునకొండ కథ మరీ గట్టిది. 1955 డిసెంబరులో సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగే నాటికి ఇక్ష్వాకుల విజయపురి నీళ్ళపాలు కావడం ఖాయమైపోయింది. 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, కొలిచి, పటాలు గీశారు. కొన్ని కట్టడాలను ఊడదీసి కొండ మీదికీ అనుపుకీ తరలించి మళ్ళీ పేర్చారు. ఈరోజు లాంచీ ఎక్కి మ్యూజియం చూసేవాళ్ళు చూస్తున్నది ఆ పేర్పు ఫలితమే. అప్పుడు కొలతలు తీసి ఉండకపోతే ఆ నగరం నీళ్ళ కింద ఒక పుకారుగా మిగిలేది. కొలవడం, గీయడం, రాసిపెట్టడం పండితుల పని, పిల్లలకెందుకు అనేవాళ్ళకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది: హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో 'తెలంగాణ శాసనములు' మొదటి సంపుటం తెచ్చినప్పుడు ఆ రాళ్ళు ఊరూరా పొలాల్లోనే పడి ఉన్నాయి. తర్వాత వలిగొండ బిడ్డ బి.ఎన్. శాస్త్రి నల్లగొండ, పాలమూరు పల్లెలు తిరిగి శాసనాలు పోగేసి అచ్చు వేశారు. ఆ పనికి కావలసిన మొదటి గుణం, దారిలో రాయి కనిపిస్తే ఆగడం. ఆ అలవాటు చిన్నప్పుడే పడాలి.

బడి వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు ఇంతకంటే కఠినమైనవి. పదో తరగతి పిల్లలకు మార్కులే ముఖ్యం, సాంఘికశాస్త్రం సార్‌కు సిలబస్ పూర్తి చేయడమే గగనం, బయటికి తీసుకెళ్ళిన పిల్లకు చిన్న దెబ్బ తగిలినా జవాబు చెప్పాల్సింది ఆయనే. ఈ భయం న్యాయమైనదే, దాన్ని ఉపన్యాసాలతో పోగొట్టలేం. అందుకే బడులు ఏడాదికొకసారి ఎక్స్‌కర్షన్ పేరుతో బస్సు మాట్లాడుకుని జూపార్కూ చార్మినారూ చూపించి చేతులు దులుపుకుంటాయి. అంతకంటే తక్కువ ఖర్చుతో, ఒక పూటలో, నల్లగొండ బడి పిల్లలు పానగల్లు వెళ్ళి రావచ్చు. ఇరవై మందిని నాలుగు జట్లు చేసి ఒక్కో జట్టుకి ఒక్కో ప్రశ్న ఇస్తే సార్‌కి భారమూ తగ్గుతుంది, పిల్లలకు అల్లరి చేసే తీరికా తగ్గుతుంది. కేంద్ర సంస్థ సీసీఆర్‌టీ 1979 నుంచి టీచర్లకు కళలూ వారసత్వం మీద శిక్షణ ఇస్తోంది, హైదరాబాదులోనే దానికి కేంద్రం ఉంది. మార్కుల సంగతి అడిగితే, గుడి కొలతలు తీసిన పిల్లకు లెక్కల్లో నిష్పత్తులు, నీడ గమనించిన పిల్లకు భౌతికశాస్త్రంలో కాంతి పాఠం ఊరికే వస్తాయి. అవి కూడా పరీక్షలో వచ్చేవే.

అలాంటప్పుడు పోటీ పెట్టేవాళ్ళు ఏం అడగాలి? 'ప్రాచీన భారత కళావైభవం' అని వ్యాసం అడగొద్దు. మీ ఊరికి దగ్గరలో ఉన్న ఒక పాత కట్టడాన్ని రెండుసార్లు, రెండు వేర్వేరు పూటల్లో చూసి, ఏం తేడా కనిపించిందో రాయమనాలి. ఒక పటం గీయమనాలి. దాని గురించి ఊళ్ళో వినిపించే ఒక కథ రాసి, రాతి మీద కనిపించేదానితో అది ఎక్కడ కలుస్తోందో, ఎక్కడ విడిపోతోందో చెప్పమనాలి. అన్నిటికంటే ముఖ్యం, తనకు అర్థం కాని ఒక్క విషయం రాయమనాలి. ఆ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులు చూసే గెలిచినవాళ్ళను తేల్చొచ్చు. ఊళ్ళో పాత కట్టడమే లేని పిల్లల గతేమిటి అని అడగొచ్చు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో వీరగల్లు లేని చోటు, పాత బావి లేని చోటు, కోట బురుజు ఆనవాళ్ళు లేని చోటు చాలా అరుదు. గుడి లేకపోయినా చెరువుగట్టు ఉంటుంది. ఇక ఇలాంటి పత్రాలు దిద్దడం కష్టమనే మాటా వస్తుంది. పిరమిడ్ల ఎత్తు మీద రాసిన వ్యాసాన్ని హైదరాబాదులో కుర్చీలో కూర్చుని దిద్దొచ్చు. ఛాయా సోమేశ్వరం నీడ మధ్యాహ్నం పన్నెండింటికి కొంచెం పలచబడుతుందని ఒక పిల్ల రాస్తే అది నిజమో కాదో తేల్చడానికి దిద్దేవాళ్ళు కూడా నల్లగొండ బస్సెక్కాల్సిందే, పన్నెండింటి లోపే దిగాల్సిందే.