పుప్పొడి విప్పే కరవు చరిత్ర

వేల ఏళ్ల నాటి వానల జాడ చెబుతున్న సూక్ష్మ రేణువులు
పూడికతో పాటు తరలిపోతున్న ఆధారాలు

అనంతపురం: అనంత సీమను పీడిస్తున్న కరవు ఏనాటిది? పూర్వం ఈ మెట్ట నేలపై దట్టమైన అడవులుండేవనీ, వాటిని నరికివేయడంతోనే వానలు ముఖం చాటేశాయనీ పల్లెల్లో పెద్దలు చెబుతుంటారు. పడమటి కనుమల చాటున ఉన్న నేల కనుక వర్షాభావం పుట్టుకతోనే వచ్చిందని మరికొందరి వాదన. ఉమ్మడి జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. అయితే వానను కొలిచి రాసుకోవడం ఆంగ్లేయుల పాలనలో మొదలైన పని. శాసనాలు దానాల గురించి, చెరువుల గురించి చెబుతాయే తప్ప ఏ కొండపై ఏ చెట్లున్నాయో వివరించవు. అంతకు ముందరి కాలానికి సాక్ష్యం చెప్పగలిగినది పుప్పొడి. నేల పొరల్లో చిక్కుకుపోయిన ఈ రేణువులను వెలికితీసి, నాటి వృక్షసంపదను, వాతావరణాన్ని తెలుసుకునే శాస్త్రమే పుప్పొడి శాస్త్రం.

చెదరని కవచం

పుప్పొడి రేణువు పరిమాణం సాధారణంగా మిల్లీమీటరులో నూరో వంతు నుంచి పదో వంతు వరకు ఉంటుంది. దాని పైపొర స్పోరోపోలెనిన్ అనే పదార్థంతో నిర్మితమవుతుంది. ఘాటైన ఆమ్లాలకు సైతం లొంగని గట్టిదనం దీని సొంతం. గాలి తగలని తడి బురదలో పడితే రేణువు లక్షల ఏళ్లయినా నిలిచి ఉంటుంది. పైగా ఒక్కో జాతి రేణువుకు ఒక్కో రూపం. గడ్డి జాతుల పుప్పొడి నున్నగా గుండ్రంగా, ఒకే రంధ్రంతో ఉంటుంది. తుమ్మ జాతుల్లో అనేక రేణువులు ముద్దగా కలిసి ఉంటాయి. వయ్యారిభామ రేణువుపై ముళ్లుంటాయి.

చెరువు అడుగున గానీ, సముద్ర గర్భంలో గానీ ఏటేటా పేరుకున్న మట్టిని శాస్త్రవేత్తలు పొడవాటి గొట్టంతో నిలువునా తీస్తారు. పొరల వారీగా కోసి, ఆమ్లాలతో సున్నాన్ని, ఇసుకను కరిగిస్తారు. మిగిలిన రేణువులను సూక్ష్మదర్శిని కింద వందల సంఖ్యలో లెక్కిస్తారు. పొరలోని సేంద్రియ పదార్థంలో మిగిలిన రేడియో కార్బన్‌ను బట్టి కాలాన్ని నిర్ణయిస్తారు. అడవి చెట్ల రేణువులు తగ్గి గడ్డి, ముళ్ల పొదల రేణువులు పెరిగితే నేల ఎండుముఖం పట్టిందని అర్థం. స్వీడన్ శాస్త్రవేత్త లెన్నార్ట్ వాన్ పోస్ట్ 1916లో ఈ లెక్కింపు పద్ధతిని తొలిసారి వెల్లడించారు. మన దేశంలో బీర్బల్ సాహ్ని 1946లో లక్నోలో నెలకొల్పిన సంస్థ, పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థ ఈ రంగంలో పేరెన్నికగన్నవి.

ఎండిన చెరువే అడ్డంకి

పుప్పొడికి ప్రధాన శత్రువు గాలి. మట్టి తడిసి, ఎండి, నెర్రెలు బారితే లోపలికి గాలి చొరబడి రేణువులు శిథిలమవుతాయి. ఏడాదిలో సగం కాలం నీరుండని చెరువుల సీమలో ఈ పరిశోధన కష్టమవడానికి కారణమిదే. అదే నీలగిరి కొండల్లోని చిత్తడి నేలల్లో పుప్పొడి పదిలంగా నిలిచింది. అక్కడి సాండినల్లాలో జరిగిన పరిశోధన ఫలితాలు 1988లోనే వెలువడ్డాయి.

దక్కను పీఠభూమి విషయంలో కీలక ఆధారం సముద్రంలో లభించింది. సముద్రగర్భంలోని గ్యాస్ హైడ్రేట్ల అన్వేషణకు 2006లో భారత ప్రభుత్వం చేపట్టిన యాత్రలో గోదావరి ముఖద్వారానికి ఎదురుగా బంగాళాఖాతంలో మట్టి నమూనాలు తీశారు. ఇంధనం కోసం తవ్విన ఆ బురదే వాతావరణ చరిత్రకు నిధిగా మారింది. నదితో కొట్టుకొచ్చిన ఆకుల మైనపు పదార్థాన్ని పరీక్షించిన శాస్త్రవేత్తలు 2012లో ఫలితాలు ప్రకటించారు. సుమారు 4,000 ఏళ్ల క్రితం నుంచి ఎండను తట్టుకునే మొక్కలు క్రమంగా పెరిగాయనీ, 1,700 ఏళ్ల క్రితం నుంచి అవే స్థిరపడ్డాయనీ తేల్చారు. అదే నమూనాలోని పుప్పొడిని లెక్కించిన మరో బృందం 2015లో దాదాపు ఇదే నిర్ధారణకు వచ్చింది. సుమారు 11,300 ఏళ్ల క్రితం నుంచి 4,200 ఏళ్ల క్రితం వరకు రుతుపవనాలు బలంగా ఉండి, తర్వాత క్షీణించాయని పేర్కొంది. భూమి కక్ష్యలో కలిగే మార్పుల వల్ల ఉత్తరార్ధగోళంపై పడే వేసవి ఎండ వేల ఏళ్లుగా తగ్గుతూ రావడమే ఇందుకు మూలం. భూమి వేడెక్కడం తగ్గితే సముద్రం నుంచి తేమగాలులను లాగే శక్తీ తగ్గుతుంది.

గోదావరి అనంతపురం మీదుగా పారదు కనుక ఈ లెక్కలను యథాతథంగా ఇక్కడికి అన్వయించలేం. అయినా రెండు ప్రాంతాలూ ఆధారపడేది ఒకే రుతుపవనాలపై. కాబట్టి వర్షాభావానికి గొడ్డలి ఒక్కటే కారణం కాదని స్పష్టమవుతోంది. అలాగని మనిషి నిర్దోషి అని కూడా కాదు. ఎండిపోతున్న నేలపై మిగిలిన పచ్చదనాన్ని, భూగర్భ జలాన్ని కాపాడుకోవడమా, పోగొట్టుకోవడమా అన్నది మనిషి చేతిలోనిదే.

బూడిద దిబ్బల కాలపు పంటలు

పుప్పొడికీ పరిమితులున్నాయి. కొర్ర, సామ వంటి చిరుధాన్యాల రేణువులను అడవి గడ్డి రేణువుల నుంచి వేరు చేయడం దాదాపు అసాధ్యం. తన పూవులోనే ఫలదీకరణ జరుపుకునే వేరుశనగ పుప్పొడి గాలిలోకి వెదజల్లబడదు. లక్షల ఎకరాల్లో సాగైన పంట అయినా పొరల్లో దాని జాడ అరుదే. అందుకే పురావస్తు శాస్త్రవేత్తలు కాలిన గింజలను కూడా పరీక్షిస్తారు.

కళ్యాణదుర్గం ప్రాంతంలోని పాలవాయిలో నవీన శిలాయుగపు బూడిద దిబ్బలున్నాయి. పశువుల పేడను కుప్పలుగా కాల్చడం వల్ల ఏర్పడినవివి. ఉరవకొండ ప్రాంతంలోని వేల్పుమడుగు, బళ్లారి వద్ద సంగనకల్లు తదితర నవీన శిలాయుగపు స్థలాల మట్టిని నీటిలో కలిపి, తేలిన గింజలను డోరియన్ ఫుల్లర్ బృందం అధ్యయనం చేసి 2004లో ఫలితాలు వెల్లడించింది. నాటి దక్షిణ దక్కను ప్రజల ప్రధాన ఆహారం ఉలవలు, పెసలు, అండుకొర్రలు, కొర్ర జాతికి చెందిన మరో చిరుధాన్యమని తేలింది. తక్కువ వానకు తట్టుకునే ఈ పంటలతోనే ఇక్కడి సేద్యం ఆరంభమైంది. వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి ఎంతో ఆలస్యంగా వచ్చిన పంట. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించినప్పుడు కొత్తగా వినిపించిన పేర్లు ఈ నేలకు నాలుగు వేల ఏళ్ల పాతవే.

కాలం తెలిపే సర్కారు తుమ్మ

ఇటీవలి పొరల వయసు తెలుసుకునేందుకు బయటి నుంచి వచ్చిన మొక్కలు ఉపకరిస్తాయి. సర్కారు తుమ్మను 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. వయ్యారిభామ 1950లలో పుణె వద్ద వెలుగుచూసింది. సీమ చెరువు పూడికలో సర్కారు తుమ్మ పుప్పొడి కనిపిస్తే ఆ పొర 1877 తర్వాతిదనీ, వయ్యారిభామ కనిపిస్తే స్వాతంత్ర్యానంతర కాలానిదనీ అంచనా వేయవచ్చు.

పూడిక తీసే ముందు

బుక్కరాయసముద్రం, శింగనమల, ధర్మవరం, బుక్కపట్నం వంటి పెద్ద చెరువుల అడుగున తడి ఆరని లోతట్టు పొరల్లో ఇలాంటి ఆధారాలు మిగిలి ఉండే అవకాశముంది. పూడిక తీత రైతుకు అవసరమే. ఒండ్రు మట్టి పొలానికి బలం, చెరువుకు నీటి నిల్వ. అయితే యంత్రం ఒక్కసారి దిగితే శతాబ్దాల పొరలు కలగలిసిపోతాయి. ఆ తర్వాత ఏ పొర ఏ కాలానిదో చెప్పడం ఎవరి వల్లా కాదు. బూడిద దిబ్బలదీ అదే పరిస్థితి. తవ్విపోసిన దిబ్బను తిరిగి పేర్చలేం.

పూడిక తీసే ముందు చెరువు మధ్యలో ఒక్క గొట్టం దింపి నిలువు నమూనా సేకరించి, ఏదైనా విశ్వవిద్యాలయంలో చల్లని గదిలో భద్రపరిస్తే చాలు. పనికి ఆటంకం కలగదు, ఆధారమూ దక్కుతుంది. గతంలో ఎన్నేళ్లకోసారి దీర్ఘ కరవులు వచ్చాయో తెలిస్తే, రాబోయే కాలానికి ఏ చెట్టు నాటాలో, ఏ పంట వేయాలో నిర్ణయించుకునేందుకు రైతుకు, ప్రణాళికా రచయితలకు అది దారి చూపుతుంది.