కోడి మేతలో సోయాకు తోడు ఏది?

బస్తర్ దక్షిణాన, నేటి సుక్మా జిల్లాలో చింతలనార్ అనే గ్రామం ఉంది. అది ఇప్పచెట్లున్న అటవీ ప్రాంతం. ఇప్పగింజల నూనె తీశాక చెక్క మిగులుతుంది. అక్కడి రైతు ఒకరు బ్రాయిలర్ కోళ్లు పెంచదలచారనుకుందాం. ఖరీదైన సోయా చెక్కకు బదులు చేతికందే ఇప్ప చెక్కను మేపవచ్చా?

మేపకూడదు. ఇప్ప చెక్కలో సపోనిన్లు అనే చేదు పదార్థాలుంటాయి. చెరువుల్లో అక్కరలేని చేపలను చంపడానికి ఈ చెక్కనే వాడతారు. దీనిని కలిపితే కోళ్లు మేత తగ్గిస్తాయి, ఎదుగుదల కుంటుపడుతుంది.

మరి దేనిని ఎంచుకోవాలి? మాంసకృత్తులను రంగురంగుల పూసల దండగా ఊహించుకోండి. పూసలే అమైనో ఆమ్లాలు. ఒక్క రంగు పూస తక్కువైనా దండ అక్కడే ఆగిపోతుంది. సోయాలో లైసిన్ బాగా ఉంటుంది, మిథియోనిన్ తక్కువ. నువ్వుల చెక్కలో మిథియోనిన్ ఎక్కువ, లైసిన్ తక్కువ. రెండూ కలిస్తే ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది.

లెక్క చూద్దాం. భారతీయ ప్రమాణాల సంస్థ 2007 ప్రమాణం ప్రకారం స్టార్టర్ మేతలో 22 శాతం మాంసకృత్తులుండాలి. 100 కిలోల మేతలో 58 కిలోల మొక్కజొన్న (9 శాతం) 5.2 కిలోలు, 30 కిలోల సోయా చెక్క (45 శాతం) 13.5 కిలోలు, 8 కిలోల నువ్వుల చెక్క (40 శాతం) 3.2 కిలోలు ఇస్తాయి. మొత్తం 21.9. మిగిలిన 4 కిలోలు నూనె, ఖనిజాలు, విటమిన్లు. నువ్వులు లేకుంటే సోయా 37 కిలోలు కావాలి. అంటే 7 కిలోల సోయా ఆదా అయింది. లైసిన్ చాలకపోతే విడిగా కలపాలి.

వేరుశనగ చెక్క విషయంలో జాగ్రత్త! తేమ తగిలితే బూజు పట్టి, కాలేయాన్ని దెబ్బతీసే అఫ్లటాక్సిన్ పుడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఈ విషంతోనే చనిపోయాయి. ప్రత్తి చెక్కలోని గాసిపాల్ లైసిన్‌ను పట్టి ఉంచి కోడికి అందనివ్వదు.

ఇక మూలికలు. ఎదుగుదల కోసం మేతలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి నిషేధించింది. కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ వాడకాన్ని మన దేశం 2019లో నిషేధించింది. అందుకే పసుపు, వెల్లుల్లి వంటి వాటిపై ఆసక్తి పెరిగింది. పసుపులోని కర్కుమిన్, వెల్లుల్లిలోని అల్లిసిన్ కొన్ని సూక్ష్మజీవులను అణచగలవు. అయితే ప్రయోగాల ఫలితాలు ఒకేలా లేవు. కొక్కెర తెగులు టీకాకు ఇవి ప్రత్యామ్నాయం కావు.

మీ ఊరిలో దొరికే నూనెచెక్కల జాబితా రాయండి. ప్రతిదాని ఎదుట మూడు ప్రశ్నలు వేసుకోండి: మాంసకృత్తులెన్ని? ఏ పూస తక్కువ? ఏ విషముంది? మూడింటికీ జవాబు దొరికాకే దానిని కోడి ముందు పెట్టాలి.