తలకు దెబ్బ – తలనొప్పి

క్రికెట్ బంతి బలంగా తగిలినా, సైకిలు మీదనుండి పడినా పుర్రెలోని మెదడు కుదుపునకు లోనవుతుంది. స్కానింగులో ఏ లోపమూ కనిపించకపోయినా బాలబాలికలను తలనొప్పి కొన్ని వారాలు బాధించవచ్చు. పూర్వం ఇటువంటి వారిని నొప్పి పూర్తిగా తగ్గేవరకు చీకటి గదిలో పడుకోబెట్టేవారు. అది మేలు చేయదని 2022లో ఆమ్‌స్టర్‌డాంలో సమావేశమైన నిపుణులు స్పష్టం చేశారు. తొలి రెండు రోజులు చదువును, సెల్‌ఫోనును తగ్గించి, తరువాత మెల్లగా నడిపించడమే మంచిది. ఆటలకు మాత్రం వైద్యుని అనుమతి కావాలి.

పారాసిటమాల్ తొలి దినాలలో ఉపశమనమిస్తుంది. తల్లిదండ్రుల ఆత్రుత సహజమే గాని, వారాల తరబడి నిత్యం మింగిస్తే ఆ మాత్రయే తలనొప్పికి కారణమవుతుంది! ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వరాదు. నొప్పి అంతకంతకు పెరిగినా, వాంతులు ఆగకపోయినా, మూర్ఛ వచ్చినా, మగతగా ఉండి పిలిచినా పలుకకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.