జీవము యంత్రమా?

మనము గడియారమును రెండుగా చీల్చినచో రెండు గడియారములు కావు. 1891లో జర్మను శాస్త్రజ్ఞుడు హాన్స్ డ్రీష్, సీ అర్చిన్ అను ముండ్ల సముద్రజీవి పిండమును రెండు కణముల దశలో విడదీసెను. అరకొర జీవి పుట్టలేదు. ఒంటి కణమే, చిన్నదైనను, సంపూర్ణ డింభకముగా పెరిగెను. కావున దేహము కేవల యంత్రము కాదనియు, దానిని నడపు ప్రాణశక్తి వేరుగా కలదనియు ఆయన నిశ్చయించెను.

కాని పేరు పెట్టినంతనే కారణము తెలిసినట్లగునా? ఆ రెండు కణములందును సంపూర్ణ జన్యుసమాచారము కలదనియు, పొరుగు కణముల సంకేతములను బట్టి కణము తన పాత్రను మార్చుకొనుననియు పిదప తెలిసినది. డ్రీష్ సమాధానము నిలువలేదు. గడియారపు పోలికయు చాలలేదు. తెలియని చోట పేరుపెట్టి ఆగక, మనము విచారణ సాగింపవలెను. ప్రాణముపై మన గౌరవమునకు అజ్ఞానము ఆధారము కారాదు.