చొక్కా మీది కోతి టీవీలోకి ఎలా వెళ్ళింది?

ఎండలు ముదరకముందే పిల్లలకు నాలుగు నూలు చొక్కాలు కొందామని మొన్న బజారుకు వెళ్ళాను. వెంట మా మనవడు వచ్చాడు. వాడికి అయిదో ఏడు. దుకాణం అబ్బాయి రెండు చొక్కాలు ముందు పరిచాడు. ఒకటి సాదాది, మెత్తని నూలుది. రెండోదాని మీద టీవీలో వచ్చే కార్టూను పిల్లి. గుడ్డ చూస్తే పలచన, ధర చూస్తే మొదటిదానికి రెట్టింపు. మావాడు గుడ్డా చూడలేదు, ధరా చూడలేదు. "అమ్మమ్మా, ఇది నా పిల్లి!" అంటూ ఆ చొక్కాను గుండెకు హత్తుకున్నాడు.

ఆ పిల్లి వాడిది ఎప్పుడయింది? ఎలా అయింది? ఇలాంటి అనుభవం మీలో చాలామందికి కలిగే ఉంటుంది. అందుకే ఈవేళ ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాం.

పూర్వం వరస వేరుగా ఉండేది. ముందు కథ పుట్టేది, తరవాత బొమ్మ అమ్ముడయ్యేది. 1928లో మిక్కీ మౌస్ సినిమాతెర మీదికి వచ్చింది. పిల్లలు ముచ్చటపడ్డారు. ఆ తరవాత, 1933లో, ఆ ఎలుక బొమ్మతో చేతి గడియారాలు వచ్చాయి. ఇప్పుడు ఈ వరస తలకిందులయింది. ముందు సరుకు, ఆ సరుకు మీద ఒక బొమ్మ, ఆ బొమ్మకు తరవాత ఒక కథ.

దీనికి మంచి ఉదాహరణ జూలియస్ అనే కోతి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో పాల్ ఫ్రాంక్ సునిచ్ అనే యువకుడు 1990ల నడుమ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని స్నేహితులకు పర్సులు కుట్టి ఇస్తుండేవాడు. అతను గీసిన బొమ్మల్లో ఒకటి ఈ వెడల్పు నోటి కోతి. పర్సుల నుంచి చొక్కాలకు, సంచులకు, పైజమాలకు పాకింది. అతని పేరుతోనే కంపెనీ వెలిసింది. చిత్రమేమిటంటే, 2005లో ఆయన ఆ కంపెనీ నుంచి బయటికి వచ్చేశాడు. పేరూ, కోతీ మాత్రం కంపెనీకే ఉండిపోయాయి. 2010లో సబాన్ బ్రాండ్స్ అనే సంస్థ ఆ కంపెనీని కొనుక్కుంది. 2013 సెప్టెంబరులో నిక్ జూనియర్ చానెల్‌లో "జూలియస్ జూనియర్" అనే కార్టూను వరస మొదలయింది. బడి ఈడు రాని పిల్లల కోసం తీసింది. అందులో కోతిపిల్ల కొత్త కొత్త వస్తువులు కనిపెడుతుంది, ఎలుగుబంటి, జిరాఫీ వంటి నేస్తాలతో కలిసి చిక్కులు విప్పుతుంది. కథల్లో చెడ్డేమీ లేదు. కాని కథకన్నా ఎన్నో ఏళ్ళ ముందే చొక్కా పుట్టిందన్న సంగతి చూసే పసివాడికి తెలియదు.

చొక్కా మీది బొమ్మే ఎందుకు ఇంత సులువుగా కార్టూను అవుతుందంటారా? నాలుగు గీతల ముఖం, దూరం నుంచి చూసినా గుర్తుపట్టే ఆకారం. అక్షరాలు రాని బిడ్డకు కూడా ముఖం తెలుస్తుంది. దానికి ముందుగా కథంటూ లేదు కాబట్టి ఏ కథలోనైనా ఇముడుతుంది. రోజూ టీవీలో కనిపిస్తే అది నేస్తం అయిపోతుంది. నేస్తాన్ని దుకాణంలో వదిలి రమ్మంటే ఏ బిడ్డ వస్తాడు చెప్పండి?

ఇది నా ఊహ మాత్రమే కాదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వారు నాలుగు నుంచి ఆరేళ్ళ వయసున్న నలభైమంది పిల్లలకు ఒకే తినుబండారాన్ని రెండు పొట్లాల్లో పెట్టి ఇచ్చారు. ఒక పొట్లం మీద కార్టూను బొమ్మ, రెండోది సాదాది. ఆ ఫలితాలు 2010లో వెలువడ్డాయి. బిస్కట్లు, తీపి జెల్లీల విషయంలో బొమ్మ ఉన్న పొట్లంలోదే రుచిగా ఉందన్నారు పిల్లలు. కారెట్ దగ్గర మాత్రం బొమ్మ ప్రభావం అంతగా పనిచేయలేదట! ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ప్రకటన వెనక అమ్మకపు ఉద్దేశం ఉంటుందని గ్రహించే శక్తి ఉండదని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2004లోనే చెప్పింది.

మరి చట్టం ఊరుకుందా అని మీరు అడగవచ్చు. ఈ కథలో నాకు నచ్చిన భాగం ఇక్కడే ఉంది. 1968లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని న్యూటన్ అనే ఊళ్ళో పెగ్గీ చారెన్ అనే ఇద్దరు ఆడపిల్లల తల్లి, ఇరుగుపొరుగు అమ్మలను తన ఇంటి ముందు గదిలో కూర్చోబెట్టి పిల్లల టెలివిజన్ బాగుపడాలని ఒక సంఘం పెట్టింది. ఆ మరుసటి ఏడే, 1969లో, హాట్ వీల్స్ అనే బొమ్మకార్ల పేరుతో ఒక కార్టూను వచ్చింది. పోటీ కంపెనీ ఫిర్యాదు చేయగా ప్రసారాల కమిషన్ ఆ పద్ధతిని తప్పు పట్టింది. కాని 1984లో అదే కమిషన్ ఆ కట్టుబాట్లు సడలించింది. ఇంకేముంది, బొమ్మల పేరిట కార్టూన్లు వెల్లువెత్తాయి. ఆ తల్లులు పట్టు వదలలేదు. చివరికి 1990లో బాలల టెలివిజన్ చట్టం వచ్చింది. పిల్లల కార్యక్రమాల్లో గంటకు శని, ఆదివారాల్లో పదిన్నర నిమిషాలు, మామూలు రోజుల్లో పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలు వేయరాదని హద్దు పెట్టింది.

అయితే ఒక కన్నం మిగిలింది. కార్యక్రమం మధ్యలో అదే సరుకు ప్రకటన వేస్తేనే తప్పు. సరుకు బొమ్మే కథానాయకుడైతే తప్పు లేదు! 2010లో స్కెచర్స్ జోళ్ళ కంపెనీ తన ప్రకటనల్లోని పాత్రలతో "జీవో-3" అనే కార్టూను తెచ్చినప్పుడు బాలల హక్కుల కోసం పనిచేసే ఒక సంఘం కమిషన్‌కు అర్జీ పెట్టుకుంది. అయినా ఆ కార్టూను ప్రసారం అయింది. మన దేశంలో 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమాలు కూడా ప్రకటన వేరు, కార్యక్రమం వేరు అని స్పష్టంగా తెలియాలంటున్నాయి. రెండూ ఒకటే అయిన చోట గీత ఎక్కడ గీయాలి? ఆ గీత ఇంట్లో మనమే గీసుకోవాలి.

టీవీ కట్టేయమని నేను చెప్పను. వీలైనప్పుడు పక్కన కూర్చుని చూడండి. "ఈ కోతిని ఎవరు గీశారు? చొక్కా మీదికి ఎందుకొచ్చింది? ఆ డబ్బు ఎవరికి పోతుంది?" అని కథ చెప్పినట్టే అడగండి. పిల్లలు మనం అనుకున్నంత అమాయకులు కారు. దుకాణంలో బొమ్మ మీద చెయ్యి మూసి గుడ్డ చూడండి. నేత దగ్గరగా ఉందా, కుట్టు గట్టిగా ఉందా, రంగు నిలిచేదేనా? బొమ్మ తీసేస్తే కూడా ఆ ధర పెడతారా? పెడతామనిపిస్తే నిశ్చింతగా కొనండి. పిల్లల ముచ్చట కూడా ముచ్చటే కదా.

ఇంతకీ మావాడి సంగతి చెప్పలేదు. సాదా చొక్కాయే తెచ్చాను. దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. సాయంత్రం కాగితం, పెన్సిలు ఇచ్చి, "నీ పిల్లిని నువ్వే గియ్యి నాన్నా, కుట్టి పెడతాను" అన్నాను. గీశాడు. మూడు కాళ్ళే వచ్చాయి. నాలుగోది వెయ్యనా అంటే, "వద్దు, అది గంతేస్తోంది" అన్నాడు. పాత రవిక గుడ్డ ముక్క ఒకటి కత్తిరించి అతికి, చుట్టూ గొలుసుకుట్టు కుట్టి, కళ్ళకు రెండు బొత్తాలు పెట్టాను. మర్నాడు ముఖం కాస్త ముడుచుకునే వేసుకున్నాడు. బళ్ళో ఎవరో "ఇది ఏ కార్టూనులోది?" అని అడిగారట. "ఇంకా రాలేదు" అన్నాడట మా వాడు!

కాలిఫోర్నియాలో ఆ కోతి కూడా ఒక కుట్టుమిషను దగ్గరే మొదలయింది. మిషను మన ఇళ్ళలోనూ ఉంది. ఏమంటారు?