వార్తల్లో పదం: పోర్ట్ ఫార్వర్డింగ్

ఇంట్లో ఫోన్లు, టీవీ, సీసీ కెమెరాలు ఎన్ని ఉన్నా బయటి ఇంటర్నెట్‌కు కనిపించేది సాధారణంగా ఒక్క ఐపీ అడ్రసే. ఈ అడ్రసుల పద్ధతి అయిన ఐపీవీ4లో ఉన్నవి మొత్తం సుమారు 430 కోట్ల అడ్రసులే కాబట్టి పంచుకోక తప్పదు. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ నంబర్లలా, ఒక్కో అడ్రసుకు 0 నుంచి 65,535 వరకు పోర్టు నంబర్లుంటాయి. బయటి నుంచి ఫలానా పోర్టుకు వచ్చే డేటాను ఇంట్లోని ఫలానా పరికరానికి పంపమని రౌటర్‌లో రాసిపెట్టడమే పోర్ట్ ఫార్వర్డింగ్.

చిక్కేమిటంటే, ఆ అడ్రసుపై ఒక పోర్టును ఒక పరికరానికే కేటాయించగలం. ఇంట్లో రెండు ఎక్స్‌బాక్స్ గేమ్ కన్సోళ్లుంటే రెండూ మామూలుగా 3074వ పోర్టునే కోరతాయి. ఒకదానికే దక్కుతుంది, రెండోదానిలో ఇతర ఆటగాళ్లతో కలవడం కష్టమవుతుంది.

పరిష్కారం సులువే. రెండో ఎక్స్‌బాక్స్ సెట్టింగుల్లో వేరే పోర్టు ఎంచుకోవాలి. రెండు సీసీ కెమెరా రికార్డర్లూ లోపల 80వ పోర్టే వాడుతున్నా, బయట ఒకదానికి 8081, మరోదానికి 8082 ఇస్తే గొడవ ఉండదు. అయితే ఇంటర్నెట్ కంపెనీయే ఒక అడ్రసును అనేక ఇళ్లకు పంచుతుంటే రౌటర్‌లో ఏం మార్చినా ఫలితముండదు. సొంత పబ్లిక్ ఐపీ అడగాల్సిందే.

తెరిచిన పోర్టు తెరిచిన తలుపు లాంటిది. అవసరం తీరగానే మూసేయండి.