సిరా ఆగిపోయే కలము, సిరా కక్కే కలము

కొన్నేళ్ళ క్రితం రాజోలు వైపు ఒక గ్రామంలో నికాహ్ చదివించడానికి వెళ్ళాము. మే నెల ఎండ. పందిరి కింద కూర్చుని ఖుత్బాకు ముందు రిజిస్టరు నింపుతున్నాము. వరుడి పేరు, వధువు పేరు, వకీలు, సాక్షులు అన్నీ సవ్యంగానే సాగాయి. మహర్ గడి దగ్గరకు వచ్చి అంకె వేశామో లేదో, పాళీ కొసన ఒక సిరా బొట్టు ఉబ్బి నిలిచింది. చేయి వెనక్కి తీసుకొనేలోపు అది సరిగ్గా అంకె మీదనే పడింది.

వధువు మేనమామ గారు నవ్వుతూ, “హజ్రత్, మీ పెన్ను మా పిల్ల మహర్ మింగేసిందండీ” అన్నారు. పందిరంతా నవ్వింది. మాకు మాత్రం నవ్వు రాలేదు. మహర్ ఆ అమ్మాయి హక్కు. రేపు ఏదైనా తగవు వచ్చి ఆ పుట తెరిస్తే అక్కడ కనిపించవలసినది అంకె గాని, నల్లని మరక కాదు. ఆ వరుస కొట్టివేసి, కింద మళ్ళీ వ్రాసి, దిద్దుబాటు పక్కన వకీలు చేతా సాక్షులిద్దరి చేతా సంతకాలు చేయించిన తరువాతే ఖుత్బా మొదలుపెట్టాము.

తప్పు కలముది కాదు, మాది. మా కలము సిరాను నేరుగా గొట్టంలోనే పోసుకొనే పాతకాలపు రకం. ఆ ఉదయం మూత తీసి చూస్తే గొట్టంలో పావు వంతు సిరా మిగిలి ఉన్నది. ఈ పూటకు సరిపోతుందిలే అనుకున్నాము. మిగిలిన ముప్పావు వంతు ఖాళీ అనుకున్నాము గాని, అది ఖాళీ కాదు, గాలి. జేబులో ఒంటి వేడికి, తరువాత వేళ్ళ వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను ముందుకు నెట్టింది. సిరా నిండుగా ఉన్నప్పుడు గాలి కొద్దిగానే ఉంటుంది కాబట్టి కక్కడం ఉండదు. అందుకే ఇటువంటి కలములో సిరా మూడో వంతుకు దిగగానే మళ్ళీ నింపుకోవాలి. వీలు కాకపోతే వ్రాయడానికి ముందు పాళీని పైకి పెట్టి, గొట్టాన్ని గుప్పిట్లో ఒక నిమిషం పట్టుకోవాలి. పెరిగిన గాలి పాళీ దారినే బయటకు పోతుంది. జేబులో పెట్టుకొన్నప్పుడు కూడా పాళీ పైకే ఉండాలి.

సిరా కక్కడం ఒక బాధ అయితే, సిరా రాకపోవడం అంతకన్నా తరచుగా వచ్చే బాధ. మగ్రిబ్ తరువాత మా వద్దకు చదువుకు వచ్చే పిల్లలలో వారానికి ఒక్కరైనా పెన్ను విదిలిస్తూ వస్తారు. విదిలిస్తే గోడకూ పక్కవాడి కుర్తాకూ సిరా దొరుకుతుంది, కాగితానికి దొరకదు.

పాళీ కింద గాళ్ళున్న నల్లని ముక్క ఒకటి ఉంటుంది. దానిని నాలుక అంటాము. సిరా ఆ సన్నని గాడి వెంట పాళీ చీలికకు చేరుతుంది. ఎంత సిరా బయటకు పోతే అంత గాలి అదే నాలుక మీదుగా లోపలికి వెళ్ళాలి. గాలి వెళ్ళే దారి మూసుకుంటే సిరా నిండుగా ఉన్నా కలము నాలుగు పంక్తులు వ్రాసి ఆగిపోతుంది. ఈ ఏర్పాటును కుదిర్చి 1884లో అమెరికాలో పేటెంటు పొందినవాడు లూయిస్ వాటర్‌మన్. అయితే అడగడం మాత్రం అంతకు చాలా ముందే జరిగింది. క్రీ.శ. 953 నుండి 975 వరకు పాలించిన ఫాతిమీ పాలకుడు అల్ ముఇజ్, సిరాను తనలోనే దాచుకొని, వ్రాసేటప్పుడు మాత్రమే ఇచ్చి, చేతులకు గాని బట్టలకు గాని మరక అంటించని కలము కావాలని కోరినట్లు ఖాజీ అన్ నుఅమాన్ తన గ్రంథంలో పేర్కొన్నారు. వెయ్యేళ్ళ తరువాత ఆ పందిరిలో మేము కోరుకున్నదీ అంతే.

మన ప్రాంతానికి వస్తే, రావులపాలెం వంతెన దాటి గోదావరి ఒడ్డునే పైకి వెళితే రాజమహేంద్రవరం. 1932లో అక్కడ కె.వి. రత్నం గారు స్వదేశీ కలముల తయారీ ప్రారంభించారు. 1935లో గాంధీజీ ఆ కలము అందుకొని కృతజ్ఞతతో లేఖ వ్రాశారు. గంధకంతో గట్టిపరచిన రబ్బరును ఎబోనైట్ అంటారు. ఆ కడ్డీలను మర మీద తిప్పి చెక్కిన కలములు నేటికీ మన పెద్దల పెట్టెలలో దొరుకుతాయి. ఎండిపోయిందని వాటిని పారవేయకండి. చాలావాటికి కావలసినది స్నానం మాత్రమే.

ఆ స్నానం ఇలా చేయించాలి. గొట్టం విప్పి, పాళీ ఉన్న భాగాన్ని మాత్రమే గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెట్టండి. మరిగిన నీళ్ళు ఎప్పుడూ వద్దు. ఎబోనైట్ రంగు వెలిసి, నలుపు కాస్తా పాచి రంగుకు తిరుగుతుంది. మేము ఒక కలమును అలా పాడు చేసుకొన్న తరువాతే ఇది నేర్చుకొన్నాము. ఉదయం నీరు మార్చి, నీలం రంగు దిగడం మానే వరకు మళ్ళీ మార్చండి. మొండి సిరా అయితే గిన్నెడు నీటిలో అంట్లు తోమే సబ్బు ద్రవం ఒక్క చుక్క చాలు. తరువాత ఆ సబ్బు పూర్తిగా పోవాలి. స్పిరిటు జోలికి పోవద్దు. సముద్రానికి దగ్గరి ఊళ్ళలో చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది కాబట్టి, చివరిసారి కడగడానికి తాగే ఫిల్టరు నీరు వాడండి. ఆ పైన గుడ్డ ముక్క పెట్టిన గ్లాసులో పాళీని కిందికి ఆన్చి ఉంచితే లోపలి తడి గుడ్డలోకి దిగిపోతుంది.

కడిగినా వ్రాయకపోతే పాళీ చీలికను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. మన పిల్లల కలములకు మరొక ప్రత్యేకమైన కష్టం ఉన్నది. బడిలో తెలుగు ఎడమ నుండి కుడికి వ్రాస్తారు, మా దగ్గర ఉర్దూ కుడి నుండి ఎడమకు వ్రాస్తారు. కుడిచేతితో తెలుగు వ్రాసేటప్పుడు పాళీ చేతి వెంట లాగబడుతుంది, ఉర్దూ వ్రాసేటప్పుడు కాగితానికి ఎదురు నెట్టబడుతుంది. గట్టిగా ఒత్తే పిల్లవాడి పాళీ కాగితపు నూగును గీరుకొని చీలికలో ఇరికించుకుంటుంది. ఆ నూగు తీయడానికి బ్లేడు పెడితే పాళీ పని అయిపోయినట్లే. కొత్త బట్టల మీద వచ్చే పల్చని ప్లాస్టిక్ కవరును సన్నగా కత్తిరించి, చీలికలో మెల్లగా ఒకటి రెండుసార్లు లాగితే చాలు. పాళీ రెండు కొసలు ఎగుడుదిగుడుగా ఉంటే మాత్రం ఇంట్లో వంచే ప్రయత్నం చేయకుండా తెలిసినవారికి ఇవ్వండి.

ఒక్కోసారి దోషం కలములో ఉండదు, కాగితం మీద ఉంటుంది. మనది కొబ్బరి సీమ. తలకు నూనె రాసి అదే చేతితో పుస్తకం తెరిస్తే, నూనె అంటిన చోట ఎంత మంచి సిరా అయినా పట్టదు. తల్లులు పెన్ను మార్చేముందు పిల్లల చేతులు ఒకసారి చూడాలని మనవి.

ఇక సిరా సంగతి. కితాబత్ చేసే కొందరు యువకులు బొమ్మలకు వాడే ఇండియన్ ఇంకు నలుపు బాగుందని ఫౌంటెన్ పెన్నులో పోస్తున్నారు. అందులో లక్క వంటి జిగురు ఉంటుంది. ఎండితే నీటికి కరగదు, నాలుక గాళ్ళు శాశ్వతంగా పూడిపోతాయి. అది రెల్లు కలముకు, ముంచి వ్రాసే పాళీకి తగినది. పెన్నులో ఫౌంటెన్ పెన్ను సిరాయే పోయాలి. రంగు మార్చేటప్పుడు మధ్యలో ఒకసారి కడగాలి. నెల రోజులు వాడనట్లయితే సిరా తీసేసి కడిగి పెట్టాలి.

మా కలము ఇప్పటికీ మా జేబులోనే, పాళీ పైకి పెట్టుకొని ఉన్నది. నికాహ్‌కు బయలుదేరే ముందు సిరా బుడ్డి తెరిచి గొట్టం నింపుకొంటాము. రిజిస్టరులో మహర్‌ను అంకెలలో వేసి, పక్కనే అక్షరాలలో కూడా వ్రాస్తున్నాము.